వీధిలైటు కింద కంది పూయలేదు: తప్పు లైటుదా, విత్తనానిదా?

కౌలురైతు_తాండూరు:
మా చేను ఊరి దారి పక్కనే. జూన్ చివర్లో కంది వేశాను, ఆశా రకం. ఇప్పుడు నవంబరు మూడో వారం, చేనంతా కాయ పట్టింది. కానీ కొత్త ఎల్‌ఈడీ స్తంభం ఎదురుగా 20 అడుగుల మేర ఒక్క పువ్వు లేదు. పైరు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ మనిషెత్తు దాటింది. లైటు వల్లే అంటున్నాను, ఊళ్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

పాతపంట:
విత్తనం కల్తీ. మూడేళ్ల కింద ఒక షాపువాడు నాకూ ఆశా అని చెప్పి ఇంకేదో అంటగట్టాడు. సంక్రాంతి దాకా పూత లేదు. రెండెకరాలు పోయింది. అడగబోతే నీ నేలదే తప్పన్నాడు. ముందు బిల్లు దాచుకో తమ్ముడూ.

చెరువుగట్టు:
యూరియా ఎక్కువ పడిందేమో.

మొక్కలజన్యువు:
లైటే. కంది పగలు తగ్గితే పూసే పంట. నిజానికి మొక్క లెక్కపెట్టేది రాత్రిని. ఆకులోని ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ వెలుగును పసిగడుతుంది. చీకటి తెగకుండా సరిపడా సేపు సాగితే ఎఫ్‌టీ అనే జన్యువు పని మొదలుపెడుతుంది. దాని ప్రోటీన్ ఆకు నుంచి కొమ్మ చివరికి చేరి, చిగురు వేయాల్సిన చోట మొగ్గ తొడిగిస్తుంది. రాత్రంతా లైటు పడితే మొక్కకు ఇంకా వేసవి పగళ్లే అన్నమాట. పగటి పొడవుకూ పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికాలో గార్నర్, అలార్డ్ 1920లోనే పొగాకు మీద చూపించారు. మన దగ్గర పగలు జూన్‌లో 13 గంటలు, డిసెంబరులో 11. ఆ రెండు గంటల తేడా మీదే కంది నడుస్తుంది. అందుకే జూన్‌లో వేస్తే నెత్తి దాటి పెరుగుతుంది, సెప్టెంబరులో వేస్తే పొట్టిగా ఉండగానే పూస్తుంది.

పాతపంట:
అదంతా పుస్తకం. పున్నమికి వెన్నెల ఉండదా? తాతల నాటి నుంచి పున్నములు వస్తూనే ఉన్నాయి, కంది పూస్తూనే ఉంది. చలి పడితే పూత వస్తుంది, అంతే.

మొక్కలజన్యువు:
వెలుగును లక్స్‌లలో కొలుస్తారు, పున్నమి వెన్నెల ఒక లక్స్ కూడా ఉండదు. స్తంభం కింద దానికి ఎన్నో రెట్లు. చలి, వేడి పూతను ముందువెనకలు చేస్తాయి, కాదనను. కానీ చలి స్తంభం ముందు మేరను వదిలేసి మిగతా చేను మీద పడదు కదా. కల్తీ విత్తనమూ అలా ఒక్కచోట గుండ్రంగా మొలవదు.

పాతపంట:
నీకూ రెండెకరాలు పోయి ఉంటే తెలిసేది.

కౌలురైతు_తాండూరు:
అన్నా, ఒకే సంచి విత్తనం చేనంతా వేశాను. నిన్న రాత్రి వెళ్లి సాలు సాలుకూ చూశాను. గట్టు మీద ఒక వేపచెట్టుంది. దాని మొదలు నీడ లైటుకు అవతలగా చేలోకి పడుతుంది. ఆ నీడలో ఉన్న మొక్కలకు కాయ ఉంది, అటూ ఇటూ ఉన్నవి ఉత్త ఆకు. నీడ ఎంత మేరో కాయ అంత మేర. పూత వచ్చే నెలల్లో ఆ ఒక్క లైటు ఆర్పమని పంచాయతీలో అడిగితే వినలేదు.

పాతపంట:
ఆర్పమని అడిగావా? నేను మొదటి నుంచీ భయపడేది దానికే. మా అమ్మను కట్లపాము కరిచింది ఇలాంటి చేను దారిలోనే. అప్పటికి లైటు లేదు. ఆ లైటు కోసం నాలుగేళ్లు తిరిగాను. నువ్విక్కడ రుజువు చేస్తే రేపు ప్రతి రైతూ ఆర్పమంటాడు. నీకు పోయేది ఒక బస్తా కంది!

కౌలురైతు_తాండూరు:
అమ్మ సంగతి తెలియదన్నా, ఏమీ అనుకోకు. కానీ ఆ బస్తా నాకు చిన్నది కాదు. పూయని మేరకు కూడా కౌలు ముందే కట్టాను. లైటు ఊరందరిదైనప్పుడు నష్టం నా ఒక్కడిదెందుకు?

బడిపంతులమ్మ:
లైటుకు చేను వైపు రేకు అడ్డం బిగిస్తే? దారికి వెలుతురు ఉంటుంది.

మొక్కలజన్యువు:
మంచి ఉపాయం మేడమ్. ఆగస్టు, సెప్టెంబరుల్లో తప్పకుండా ఉండాలి. మొక్క పూతకు సిద్ధమయ్యేది అప్పుడే.

పాతపంట:
దారి మీద వెలుతురు తగ్గకపోతే నాకు అభ్యంతరం లేదు. విత్తనం బిల్లు మాత్రం పారేయకు.

కౌలురైతు_తాండూరు:
బిల్లు ఉందన్నా. మరి రేకు డబ్బులు? నేల నాది కాదు, స్తంభం నాది కాదు. వచ్చే ఏడు ఆ నేల నాకే ఇస్తారో లేదో తెలియదు. నేను పెట్టాలా, పట్టాదారు పెట్టాలా?