ఐటీఐలో చేరిన తల్లికి విజయవాడలో పాపను ఉంచే చోటు

ప్రశ్న: మేము శ్రీకాకుళం జిల్లా నుంచి పని కోసం వచ్చి అజిత్‌సింగ్‌నగర్‌లో అద్దెకు ఉంటున్నాము. నాకు ఐటీఐలో కుట్టుపని కోర్సులో సీటు వచ్చింది. పాపకు ఏడాదిన్నర, అమ్మగానీ అత్తగారుగానీ ఇక్కడ లేనందున, పగటిపూట తనను ఎవరికి అప్పగించాలో తోచడం లేదు.

జవాబు: అమ్మా, అంగన్‌వాడీలో కూర్చోబెట్టి చదివించేది 3 నుంచి 6 ఏళ్ల పిల్లలనే, అంతకన్నా చిన్నవారికి పోషకాహారం ఇంటికి ఇచ్చి పంపుతారు. అయితే కేంద్ర ప్రభుత్వ మహిళా కార్యక్రమమైన మిషన్ శక్తిలోని ‘పాల్నా’ పథకం కింద నడిచే అంగన్‌వాడీ క్రెష్‌లు (పగటిపూట పిల్లలను ఉంచే కేంద్రాలు) 6 నెలల పసివారిని కూడా చూసుకుంటాయి కనుక, మీకు దగ్గరలో అలాంటిది ఉందేమో సీడీపీవో (అంగన్‌వాడీలను పర్యవేక్షించే శిశు అభివృద్ధి అధికారి) కార్యాలయంలో అడగండి. సీటు వచ్చిన కాగితం, పాప టీకాల కార్డు వెంట ఉంచుకోండి.

మరో జవాబు: ప్రైవేటు కేంద్రమైతే చెప్పకుండా మధ్యాహ్నం అన్నాల వేళకు వెళ్లండి. నేను మొదట చూసిన చోట పదిమంది పిల్లలకు ఒకే గ్లాసుతో నీళ్లు తాగించడం చూసి, మా బాబును చేర్చకుండానే వచ్చేశాను. కోర్సు వేళలు ముందే చెప్పండి. ఆలస్యమైతే అదనపు రుసుము ఎంతో రాయించుకోండి.

అడిగినవారు: కృతజ్ఞతలండీ. సోమవారం పాపను వెంటబెట్టుకునే సీడీపీవో కార్యాలయానికి వెళ్తాను.