వార్షికోత్సవ నాటికకు రికార్డు చేసిన మాటలా, పిల్లల సొంత గొంతులా?

ప్రశ్న (ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయిని):
ఫిబ్రవరిలో మా బడి వార్షికోత్సవం జరగనుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 14 మందితో కన్యాశుల్కం రెండో అంకంలోని కొంత భాగాన్ని ఆడించే పని నాకు అప్పగించారు. సంభాషణలన్నీ ముందే స్టూడియోలో రికార్డు చేయిస్తే పిల్లలు వేదిక మీద పెదవులు కదిపితే సరిపోతుందని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. అలా చేస్తే పిల్లలకు కలిసి పనిచేయడం అలవడుతుందా అన్నది నా సందేహం. అనుభవమున్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (ప్రైవేటు పాఠశాలలో సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యుడు):
అమ్మా, రికార్డింగే మేలు. ఆరుబయట మైదానంలో తల్లిదండ్రులు తమలో తాము మాట్లాడుకుంటుంటే, రెండు స్టాండు మైకుల ముందు పిల్లలు ఒకరినొకరు తోసుకోవడం నేను ఏటా చూస్తున్నాను. గొంతు చిన్నదైన పిల్ల మాట మూడో వరుసకు కూడా చేరదు. మాట మరిచిపోయిన పిల్లవాడు అందరి ముందూ ఏడ్చేస్తాడు. వాడి మనసు నొచ్చుకోకుండా చూడటం కూడా మన బాధ్యతే కదా.

రెండో జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు):
పై మిత్రులు చెప్పిన ఇబ్బందులు నిజమైనవే. మైకుల దగ్గరి తోపులాటతో నేనూ అవస్థ పడ్డాను. అయినా రికార్డింగు వద్దనే గట్టిగా చెబుతాను. ఎదుటివాడి మాట చివరిదాకా విని, అది ముగిసిన క్షణంలో తన మాట అందుకోవడంలోనే నాటకంలోని జట్టుతనమంతా ఉంది. ట్రాక్ నడుస్తున్నంతసేపూ పిల్లవాడి చెవి స్పీకరు మీదే ఉంటుంది. పక్కవాడు ఏం చేస్తున్నాడో వాడికి అక్కర్లేదు.

మీరు ఎంచుకున్న అంకంలోనే, తల్లి వెంకమ్మ ముచ్చట తీర్చడానికి వెంకటేశం, అతనికి చదువు చెప్పే గిరీశం పొంతనలేని ఇంగ్లీషు ముక్కలు మాట్లాడుకునే ఘట్టం ఉంది. దాన్ని నేను ఒక ఏడాది రికార్డింగుతోనే ఆడించాను. సభ విరగబడి నవ్వింది, ట్రాక్ మాత్రం ఆగలేదు. తరువాతి మూడు మాటలు ఆ నవ్వులో కలిసిపోయాయి. వెంకటేశం వేషం వేసిన పిల్లవాడు, తనకే వినపడని మాటకు పెదవులు కదుపుతూ, తెర పక్కన నిలబడ్డ నా వైపు బిక్కమొహంతో చూశాడు. మరుసటి ఏడాది సొంత గొంతులతో ఆడినప్పుడు, అదే చోట గిరీశం వేషధారి కండువా సర్దుకుంటూ నవ్వు తగ్గేదాకా ఆగాడు; వెంకటేశం అతని చేతి మీదే చూపు నిలిపి, ఆ చెయ్యి కిందికి దిగగానే మాట అందుకున్నాడు. ఆ ఉపాయం నేను చెప్పలేదు, రిహార్సల్స్‌లో వాళ్లిద్దరే కుదుర్చుకున్నారు.

మొదటి వారం కదలికలు నేర్పకండి. పిల్లలను గుండ్రంగా, ఒకరి ముఖం ఒకరికి కనపడకుండా బయటి వైపు తిప్పి కూర్చోబెట్టి, వినికిడి మీదే సంభాషణలు నడిపించండి. పాత్రలు మార్చి మార్చి చదివిస్తే, రెండో వారానికి ఎవరి మాట తప్పినా పక్కవారు కలుపుకుపోగలుగుతారు, కాబట్టి ఏడ్చే పరిస్థితే రాదు. మైకులను స్టాండ్లకు పెట్టించకుండా వేదిక అంచున నేల మీద పెట్టించండి. గురజాడ వారు వాడుక మాటల్లో రాసిన ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో ఆడినప్పుడు అసలు మైకులే లేవు! గొంతు చిన్నదైన అమ్మాయికి తెర చాటు నుంచి మాట అందించే బాధ్యత ఇవ్వండి, అయితే ఆ పనికి నాటకమంతా వచ్చి ఉండాలని అందరి ముందూ చెప్పి మరీ ఇవ్వండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు అలా పక్కతెరల చాటున పెద్దల మాటలు వింటూనే నటులయ్యారు.

మొదటి జవాబు రాసినవారు:
మాస్టారూ, నవ్వు సంగతి నేను ఆలోచించలేదు. పెద్ద తరగతుల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ఒకటి, రెండు తరగతుల చిన్నారులకు మాత్రం రికార్డింగే సరైనదని ఇప్పటికీ నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టూడియో వద్దని ఈ రోజే చెప్పేశాను. సోమవారం నుంచి పిల్లలను గుండ్రంగా కూర్చోబెడతాను. మాట అందించడానికి ఎవరు వస్తారని అడిగితే, తరగతిలో ఎప్పుడూ నోరు మెదపని అమ్మాయి చెయ్యెత్తింది.