తోరపు బొజ్జా, దోరపు బొజ్జా?

బైరాగిపట్టెడ, తిరుపతి:
చవితి పద్యంలో ‘తొండము నేకదంతమును’ తర్వాత వచ్చేది తోరపు బొజ్జయా, దోరపు బొజ్జయా? మా నాయన దోరపు అని చదివినట్టు గుర్తు, ఇంట్లో పూజ పుస్తకంలో తోరపు అని ఉంది. మా పాప ఎనిమిదో తరగతి, కొంచెం ఒళ్ళున్న పిల్ల. ఏటా ఈ పద్యం అదే చదివేది, ఈసారి చదవనంది. క్లాసులో బొజ్జ గణపతి అంటున్నారంట. మొన్న పేపర్లో ఊబకాయం మీద అరపేజీ వార్త, పక్కన ఫొటో: నీలం చొక్కా, రెండు గుండీల మధ్య సందు, పొట్ట చుట్టూ టేపు, మెడ దగ్గరికి ఫొటో అయిపోయింది. ‘ఈయనకు తల ఎందుకు పెట్టలేదమ్మా’ అనడిగింది. నాకు జవాబు దొరకలేదు. తోరపు అనే మాటలో వెక్కిరింత ఉందా, లేదా? అది చెప్పండి.

పలమనేరు మాస్టారు:
దోరపు. ‘ఏకదంతమును’ ద్రుతాంతం, అంటే చివర ‘ను’ ఉన్న మాట, దాని మీద పరుషం సరళమవుతుంది, ‘త’ ‘ద’ అవుతుంది, చిన్నయసూరి చెప్పిందే. మాట మాత్రం తోరమే, స్థూలమైనది అని అర్థం. వెక్కిరింత లేదమ్మా.

పుత్తూరు:
సరళాదేశం సరే సార్, యతి చూడండి, పాదం మొదటి అక్షరంతో పదో అక్షరం కుదరాలి కదా. తొండానికి పదో అక్షరం తో పడితే ఎంత నిండుగా ఉంది! మా అవ్వ తోరపు అనే చదివేది, కాణిపాకం క్యూలో నేను విన్నదీ అదే. దోరపు అంటే దోరమామిడి గుర్తొస్తుంది, అర్థం చెడిపోతుంది.

పలమనేరు మాస్టారు:
త థ ద ధలకు యతి చెల్లుతుంది నాయనా. తొండముకు దోరపు కూడా సరిపోతుంది, కాబట్టి యతి ఈ తగువు తీర్చదు. సంధి తీరుస్తుంది. దోరకాయలో దోర వేరే మాట.

చిత్తూరు, పాత డెస్కు మనిషి:
అక్క అడిగింది పక్కకు పోతోంది. నేను పదేళ్ళు పేపరు డెస్కులో పనిచేసినాను, ఆ తల కోసింది నాలాంటివాళ్ళమే. బజారులో నడిచిపోయే మనిషిని అడక్కుండా ఫొటో తీస్తారు, ముఖం కనిపిస్తే గొడవవుతుందని మెడ దాకా కోసేస్తారు, అంతే కారణం. బ్రిటన్‌లో షార్లెట్ కూపర్ అనే ఆవిడ 2007లోనే ఈ ‘తలలేని లావువాళ్ళ’ గురించి రాసింది. 2011లో అమెరికా పరిశోధకులు వార్తల వెబ్‌సైట్లు చూస్తే, బరువెక్కువ ఉన్నవాళ్ళ ఫొటోల్లో 72 శాతం వాళ్ళను చిన్నచూపు చూసేవే. ఎంతసేపూ పొట్ట, లేకపోతే చేతిలో తిండి. ప్రపంచ ఊబకాయ సమాఖ్య పత్రికలకు ఉచితంగా వేరే రకం ఫొటోలు ఇస్తోంది, ముఖాలతో, ఏదో పని చేసుకుంటున్న మామూలు మనుషులు. వాడుకోవచ్చు, మేం వాడలేదు. ‘ఊబకాయులు’ ఐదక్షరాలు, హెడ్డింగులో ఇమిడిపోతుంది. ‘ఊబకాయంతో జీవిస్తున్నవారు’ ఇమడదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 24 శాతం అధిక బరువో ఊబకాయమో ఉన్నవాళ్ళే. మా పేపరు చదివే ఇళ్ళలోనే ఉన్నారు వాళ్ళు.

ఇప్పుడు పద్యం చూడండి. తొండం, దంతం ముందు. బొజ్జ తర్వాత. మళ్ళీ మెల్లని చూపులు, మందహాసం. ముఖం లేని బొజ్జ కాదు అది.

శ్రీకాళహస్తి:
లావు మాట తీసినారు కాబట్టి, పోతన లేకుండా ఎట్లా? ‘లావొక్కింతయు లేదు’ అన్నది ఎవరు? ఏనుగు! అంత ఒళ్ళు పెట్టుకుని లావు లేదంటుంది, ఎందుకంటే అక్కడ లావు అంటే బలం. ఇప్పటికీ ‘లావు చెప్పొచ్చావులే’ అంటాం, అందులో ఒళ్ళు ఎక్కడుంది? బలం అనే మాటను మనమే తిట్టు చేసుకున్నాం. గజేంద్రమోక్షం మొత్తం ఒక రాత్రి కూర్చుని చదివితే, ఆ ఏనుగు అలిసిపోవడం పోతన ఎంత దగ్గరగా చూశాడో తెలుస్తుంది.

పుత్తూరు:
బాగా చెప్పినారన్నా. నా లెక్కలో మాత్రం ‘ఊబ’దే అసలు తప్పు. వినగానే అప్పుల ఊబి గుర్తొస్తుంది, మనిషి అందులో దిగబడిపోయినట్టు.

పలమనేరు మాస్టారు:
ఊబి కాదు, ఉబ్బు వైపు చూడు. దీర్ఘం ఎట్లా వచ్చిందంటావా, దాని మీద నా దగ్గర రెండు పేజీల నోట్సు ఉంది.

బైరాగిపట్టెడ, తిరుపతి:
డెస్కు అన్న రాసింది పాపకు చదివి వినిపించినాను. పుస్తకం తెచ్చుకుని వేలు పెట్టి ఒక్కో మాటా చూసింది, తొండం, దంతం, చూపులు. మూడో పాదం దాకా పోయి, ‘విద్యల కెల్ల నొజ్జయై’ అంటే టీచరా అనడిగింది. అవునన్నాను. ఆయన టీచరు అని వాళ్ళకు తెలియదు కదా అనింది, క్లాసు పిల్లల గురించి. మాస్టారూ, ‘కొండొక గుజ్జురూపము’లో గుజ్జు అంటే ఏంటో దానికి చెప్పాలి.

పుత్తూరు:
మెత్తగా ఉండేదక్కా, చింతపండు గుజ్జు మాదిరి.

పలమనేరు మాస్టారు:
కాదు! గుజ్జు అంటే పొట్టి. పాపకు పొట్టి అనే చెప్పమ్మా, మిగతాది నేను రేపు రాస్తాను.