షుగర్ ఉన్నవాళ్లు ఆక్సిడేటివ్ స్ట్రెస్ టెస్టు చేయించుకోవాలా?

గాజువాక పెద్దాయన: మా తమ్ముడికి హెచ్‌బీఏ1సీ (మూణ్ణెల్ల షుగర్ సగటు) 6.8. డాక్టరు బాగుందన్నాడు. నెల తిరక్కుండా హార్ట్ ఎటాక్, స్టెంట్. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసినవాణ్ణి, తుప్పు పైకి కనబడేసరికి లోపల తినేసి ఉంటుంది. ఆ తుప్పు చూసే ఎండీఏ టెస్టు ఇక్కడే ఒక ల్యాబ్‌లో ఉంది. అందరూ చేయించుకోండి.

ల్యాబ్‌కోటు: లోపల తుప్పు నిజమే, ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే అదే. గ్లూకోజు ఎక్కువైతే కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం పుడుతుంది. ధమని గోడలో ఇరుక్కున్న ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఆక్సీకరణ చెందితే తెల్లకణాలు దాన్ని మింగి ఉబ్బుతాయి. గొడవంతా టెస్టుతోనే. చాలాచోట్ల శాంపిల్‌ని యాసిడ్‌లో కాచి, వచ్చిన గులాబీ రంగును కొలుస్తారు. ఎండీఏ అంటే కొవ్వులు ఆక్సీకరణ చెందితే మిగిలే పదార్థం; అదొక్కదానితోనే కాదు, ఇంకా చాలావాటితో ఆ రంగు వస్తుంది. ట్యూబు ఈ ఉక్కలో టేబుల్ మీద ఉండిపోయినా అంకె పెరుగుతుంది. పైగా ఇంత దాటితే ఫలానా మందు అన్న నియమమే లేదు.

ఎంవీపీ వాకర్: పొద్దున్నే బీచ్‌రోడ్డు మీద నడవండి చాలు.

గాజువాక పెద్దాయన: రంగు గోల నాకెందుకు బాబూ? పెరిగిందని తెలిస్తే విటమిన్ ఇ వేసుకుంటాం.

ల్యాబ్‌కోటు: 2000లో వచ్చిన హోప్ పరిశోధన అదే చూసింది. 9,541 మందిలో సగం మందికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. నాలుగేళ్లు దాటినా హార్ట్ ఎటాక్‌లు తగ్గలేదు, షుగర్ ఉన్నవాళ్లలోనూ అంతే. అందులోనే ఇచ్చిన బీపీ మందు రామిప్రిల్ మాత్రం పనిచేసింది.

గాజువాక పెద్దాయన: అన్నీ విదేశీ లెక్కలే! మీ ఇంట్లో జరిగితే తెలిసేది.

ల్యాబ్‌కోటు: మా నాన్నకీ షుగరే. మీ తమ్ముడిగారి ఎల్‌డీఎల్ ఎంత? బీపీ? యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూశారా? కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు వాడేవారా?

అల్లిపురం: సిగరెట్ల సంగతీ అడగండి.

గాజువాక పెద్దాయన: అంటే తప్పంతా మావాడిదేనా? స్టాటిన్ రాశారు, కాళ్ల నొప్పులని మానేశాడు. ఆ ముక్క చెబుదామంటే డాక్టరు తలెత్తితేగా! తరవాతి టోకెన్ పిలిచేశారు. ల్యాబ్ కుర్రాడైతే కూర్చోబెట్టి, రిపోర్టు మీద వేలు పెట్టి ఒక్కో లైనూ చెప్పాడు. మీరెవరైనా అలా చెప్పారా?

ల్యాబ్‌కోటు: ఆ కోపం న్యాయమే. కానీ ఆ కుర్రాడు చెప్పింది ప్యాకేజీ అమ్ముకోవడానికి. స్టాటిన్ మళ్లీ మొదలెట్టారా? నొప్పులుంటే డోసు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. ఆ మాటలు చీటీ మీద రాసి డాక్టరు చేతిలో పెట్టండి.

గాజువాక పెద్దాయన: మొదలెట్టాడు. టెస్టు మాత్రం చేయిస్తాను. నా డబ్బు, నా ఇష్టం.

ఎంవీపీ వాకర్: అంకె ఎంతొచ్చిందో ఇక్కడ పెట్టండి మాస్టారూ.