‘రెండవ మేరీ రాణి’: మనిషా, ఓడా?

ప్రశ్న: పాత ఓడల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘క్వీన్ మేరీ’ పేరు చివర రోమన్ రెండు ఉన్న స్టీమరు వచ్చింది. ‘రెండవ మేరీ రాణి’ అని రాస్తే ఎడిటరు గారు కొట్టేశారు. రెండవ పులకేశి అనడం లేదా మనం?

జవాబు: కొట్టేయడమే సరైందండీ. రెండవ మేరీ రాణి అంటే 1689లో భర్త మూడవ విలియంతో కలిసి ఇంగ్లండు గద్దె ఎక్కినావిడ. ఈ స్టీమరు పేరు అయిదవ జార్జి భార్య మేరీది. స్కాట్లండులోని క్లైడ్ నదిలో విహారయాత్రలకని 1933లో కట్టారు. అప్పుడు దానికి అంకె లేదు. అదే నది ఒడ్డున, క్లైడ్‌బ్యాంక్‌లో తయారైన కునార్డ్ అనే ఓడల కంపెనీ మహానౌకకు 1934లో ‘క్వీన్ మేరీ’ అని పేరు పెట్టాల్సి వచ్చింది. పేరేమో అప్పటికే స్టీమరు దగ్గరుంది. స్టీమరు వాళ్ళు ఒప్పుకుని, 1935లో తమ పేరుకు రెండు తగిలించుకున్నారు. అంటే ముందు పుట్టింది రెండోదయింది! పెద్ద ఓడ 1967లో రిటైరయ్యాక, 1976లో చిన్నదానికి పాత పేరు తిరిగొచ్చింది.

అందుకే ‘రెండో క్వీన్ మేరీ’ అన్నా కుదరదు. మన ‘రెండో’ పేరుకు ముందు నిలబడి వరస చెబుతుంది. ఇక్కడ వరసే తిరగబడింది. అంకెను చివరే ఉంచేయండి.

ఇంకొకరు: క్వీన్ ఎలిజబెత్ 2 సంగతీ ఇంతే. 1967లో ఆ ఓడను నీళ్ళలోకి వదులుతూ రెండవ ఎలిజబెత్ రాణిగారు ‘ది సెకండ్’ అని పలికారు. కునార్డ్ కంపెనీ మాత్రం మామూలు 2 వేసింది. ఇంగ్లీషులో ఆ రాణికి రోమన్ అంకె, ఆ ఓడకు మామూలు అంకె. మనకు ఆ తేడా అక్కర్లేదు: ‘రెండవ’ ముందొస్తే రాణి, 2 వెనకుంటే ఓడ.

ప్రశ్న అడిగినవారు: బాగుంది. పైకి చదివేటప్పుడు ‘రెండు’ అనాలా, ‘టూ’ అనాలా?

జవాబు: టూ అనేయండి. సినిమా పేర్ల చివరి అంకెను ‘రెండు’ అని ఎవరు చదువుతున్నారు? అన్నట్టు, కునార్డ్ వాళ్ళ ఇంకో ముచ్చట. మారిటేనియా అనే వాళ్ళ పాత ఓడ 1935లో తుక్కుకి పోయింది. అదే పేరుతో కొత్తది 1938లో నీళ్ళలోకి దిగింది. ఆ మధ్యలో పేరు ఎవరూ పట్టుకుపోకుండా 1936లో తెడ్డు చక్రాలతో నడిచే ఒక చిన్న స్టీమరుకు మారిటేనియా అని పెట్టించారు. బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టన్నమాట.