చద్ది అంటే పాచిపోయింది అని కాదండీ

మొన్న ఇక్కడ చద్దన్నం ఫొటో కింద ఒకరు "చద్ది అంటే పాచిపోయింది అనే కదా, దానికి ఇప్పుడింత గొప్పేంటి" అని రాశారు, అప్పట్నుంచీ నాకు అదే మనసులో తిరుగుతోంది. వాళ్ళని తప్పు పట్టట్లేదు, ఇప్పుడు చాలామంది ఆ అర్థంలోనే వాడుతున్నారు, మా పిల్లలు కూడా. కానీ ఆ మాటకి అసలు అర్థమేంటో నిఘంటువు కంటే ముందు మా అమ్మమ్మ చెప్పింది నాకు, అదీ బస్సుకి టైమైపోతోందని అందరూ కంగారు పడుతున్న ఓ తెల్లవారుజామున.

మా అమ్మమ్మగారిది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. మేం వైజాగ్‌లో ఉండేవాళ్ళం, ఎండాకాలం సెలవులిస్తే చాలు కాకినాడ దాకా రైలు, అక్కణ్ణించి యానాం బస్సు, అప్పటికి గౌతమి (గోదావరి పాయ) మీద వంతెన లేదు కాబట్టి యానాం రేవులో పంటు (ఏరు దాటించే పడవ) ఎక్కి ఎదుర్లంకలో దిగి మళ్ళీ బస్సు. ఇంటికి చేరేసరికి పొద్దు గూకేది. మర్నాడు లేవగానే పెరటి వసారాలో పిల్లలమందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం, మధ్యలో అమ్మమ్మ, ఆవిడ ముందు పెద్ద రాతిచిప్ప. రాత్రి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి మజ్జిగ చుక్క వేసి తోడు పెట్టేది, తెల్లారేసరికి అన్నమూ పెరుగూ ఒకటైపోయి గట్టిగా ఉండేది. దాన్ని ఉప్పేసి పిసికి ఒక్కొక్కళ్ళ అరచేతిలో ముద్ద పెట్టి, ఆ ముద్ద మీద బొటనవేలితో నొక్కి చిన్న గుంట చేసి, ఆ గుంటలో కొత్తావకాయ నూనె పోసేది. నూనె గుంట దాటి వేళ్ళ సందుల్లోంచి మోచేతి దాకా కారిపోయేలోపు తినెయ్యాలి, అదే మా పందెం. ఆ ఎర్రటి గుంట ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

అమ్మమ్మ టైం కూడా ఆ మాటతోనే చెప్పేది. "చద్దివేళకి తాతయ్య చేలోంచి వచ్చేస్తారు", "చద్దివేళ దాటాక ఏటిగట్టు మీదకి వెళ్ళకండి, ఎండ". అంటే ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యన్నమాట.

ఇక తిరుగు ప్రయాణం రోజు. నాలుగింటికే లేచి పొయ్యి రాజేసి అన్నం వండి, వార్చి, ఆరబెట్టి, పాలు ఎక్కువ పోసి పెరుగు ఒక్క గరిటె మాత్రం వేసి కలిపేది (పెరుగు ఎక్కువైతే దారిలో పులిసిపోతుంది, పాలైతే మధ్యాన్నానికి కమ్మగా తోడుకుంటాయి). అరిటాకు సెగ మీద వాడ్చి అందులో పెట్టి గుడ్డలో మూట కట్టి "ఇదిగో చద్ది, రైల్లో మర్చిపోకండి" అని మా అమ్మ చేతికిచ్చేది. ఒకసారి నేను "అదేంటి అమ్మమ్మా, ఇప్పుడేగా వండావు, ఇది చద్దెలా అవుతుంది" అన్నాను. ఆవిడ నవ్వి "నువ్వు తినే వేళకి చల్లారదుటే? చల్లారితే చద్దే" అంది.

పెద్దయ్యాక చూస్తే అది అక్షరాలా నిజం. చలిది, చల్ది, చద్ది, ఇవన్నీ ఒకటే మాట. చల్లన, చల్ల, చలిమిడి, చలివేంద్రం అన్నిట్లో ఉన్న ఆ చలే ఇందులోనూ ఉంది. ఆ చలిలో పాడవ్వడం అన్న అర్థం లేదు, దానికి పాచి అని మనకి వేరే మాట ఉండనే ఉంది. రాత్రిది పొద్దున తిన్నా, పొద్దున్నది దారిలో తిన్నా, చల్లారాక తినేది కాబట్టి రెండూ చద్దే. పోతన భాగవతంలో గోపబాలురు కృష్ణుడితో కలిసి అడవిలో కూర్చుని తినే చల్దులు కూడా ఇంటినుంచి కట్టుకెళ్ళినవే కదా.

అసలు సాక్ష్యం మన అందరి నోట్లోనే ఉంది. "పెద్దల మాట చద్ది మూట." దీన్ని చాలామంది చద్దన్నం ఒంటికి మంచిది కాబట్టి పెద్దల మాటా మంచిది అని చెప్తారు. మరి మూట ఎందుకు? ఇంట్లో మిగిలిన అన్నాన్ని ఎవరూ మూట కట్టరు, చిప్పలోనో కుండలోనో ఉంటుంది. మూట కట్టేది దారికి. ఇప్పుడు అక్కర్లేదనిపించినా చంకన పెట్టుకెళ్ళు, ఎవరూ లేని చోట ఆకలేసినప్పుడు విప్పుకుంటావు అని ఆ సామెత చెప్తోందని నా నమ్మకం.

జవాబు, కరీంనగర్ నుంచి:
అక్కా, మంచిగ రాసినవ్. మా దిక్కు సద్ది అంటే కట్టుకపోయే బువ్వనే. నేను బడికి పోయినన్ని దినాలు సద్దిగిన్నె పట్టుకొనే పోయిన, అండ్ల పొద్దుగాల వండిన అన్నమే ఉండేది. ఖరాబైతే పాసిపోయింది అంటం గని సద్ది అనం. గని మీరు సద్దుల బతుకమ్మను మరిచిన్రు. పెరుగు సద్ది, పులిహోర సద్ది, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, అన్నీ ఆ దినం చేసినయే, చెరువుకాడికి కొంటవోయి బతుకమ్మను సాగనంపినంక పంచుకొని తింటం. దసరా సెలవులకు అమ్మమ్మ ఊరికి పోయేదే ఆ సద్దుల కోసం. చీకట్ల చెరువు కట్ట మీద మా అమ్మమ్మ చేతుల పెట్టిన నువ్వుల సద్ది తీపి ఇప్పటిదాక యాదికుంది.

నా జవాబు:
సద్దుల బతుకమ్మ అని ఇన్నేళ్ళుగా వింటున్నాను, ఆ సద్ది మా చద్దే అని ఇవాళ్టిదాకా తట్టలేదండీ, మీకు చాలా థాంక్స్. అప్పటికప్పుడు వండిన నువ్వుల అన్నాన్ని సద్ది అంటున్నారంటే ఇంక పాచి అన్న మాటే లేదు. ఒకటి చెప్పండి, మీవైపు పొద్దు చెప్పడానికి సద్దివేళ, సద్దిపొద్దు లాంటి మాటలున్నాయా? అనంతపురం, కడపవాళ్ళు కూడా రాయండి. మా అమ్మమ్మ పోయాక ఆ ఊళ్ళో చద్దివేళ అన్న మాట నేను మళ్ళీ వినలేదు, మొన్న వెళ్తే మా మావయ్య కోడలు కూడా "టిఫిన్ టైముకి వచ్చేస్తారు" అంది.