కథ కంచికి చేరకముందే సిరీస్ ఆపేయడం న్యాయమేనా?

వెన్నెలదారి:
ముందే చెబుతున్నా, ఇందులో స్పాయిలర్లు ఉన్నాయి. ‘డార్క్’ తీసిన బారన్ బో ఒడార్, యాంట్యే ఫ్రీజ జంట 2022 నవంబరు 17న నెట్‌ఫ్లిక్స్‌లో ‘1899’ అనే సిరీస్ తెచ్చారు. మూడు సీజన్ల కథ అనుకునే మొదలుపెట్టారు. ఎనిమిది ఎపిసోడ్లు వచ్చాయి, చాలా దేశాల్లో టాప్ టెన్‌లో నిలిచింది. అయినా 2023 జనవరి 2న ఆపేస్తున్నామని కబురు. ఏడు వారాలు కూడా నిండలేదు.

ఆ సీజన్ చివరి సీన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సీజన్ అంతా ఆవిరి ఓడ మీద తిరిగిన మౌరా కళ్లు తెరిచేసరికి ఒక అంతరిక్ష నౌకలో ఉంటుంది. తెర మీద 2099 అని తేదీ. సోదరుడి పేరుతో ఒక సందేశం, వాస్తవానికి స్వాగతం అంటూ. అక్కడితో సరి. ఆమె అక్కడికి ఎలా వచ్చింది, మిగతావాళ్లు ఎప్పుడు లేస్తారు, ఏదీ తేలలేదు. ఇక తేలదు కూడా.

పాత వారపత్రికల్లో సీరియల్ కింద ‘సశేషం’ అని వేసేవారు. అది మిగతాది మేమే ఇస్తామని పాఠకుడికి ఇచ్చిన మాట. సస్పెన్స్‌లో సీజన్ ముగించడం కూడా అలాంటి మాటే. డబ్బు సరిపోక ఆపేయాల్సి వస్తే ఆపండి, కనీసం రెండు గంటల ముగింపు ఇచ్చి ఆపండి. ‘సెన్స్8’ విషయంలో అదే చేశారుగా. 2017 జూన్‌లో రద్దు చేశారు, అభిమానులు ఊరుకోలేదు, 2018 జూన్‌లో ముగింపు ఎపిసోడ్ వచ్చింది. మిగతావాటికి ఎందుకు కుదరదు? మీరేమంటారు?

లెక్కలమనిషి:
వెన్నెలదారి గారూ, మీ బాధ నాకూ ఉంది. కానీ మీ వాదన ఒప్పుకోలేను. మీరు చెప్పిన ‘సెన్స్8’నే తీసుకోండి. దూరాన ఉన్నా మనసులు ముడిపడిన ఎనిమిది మంది ముఖ్య పాత్రలు, ముంబైలో కల అనే అమ్మాయి, నైరోబీలో ఒకరు, సోల్‌లో ఒకరు, బెర్లిన్‌లో ఒకరు. వాళ్ల మనసులు కలిసినప్పుడల్లా ఒకే సన్నివేశాన్ని వేరే వేరే నగరాల్లో మళ్లీ మళ్లీ తీసి అతికించాలి. దాని ఖర్చు ఎలా ఉంటుందో ఊహించండి. ప్రాణం పెట్టి చూసేవాళ్లు ఉండటం వేరు, ఆ ఖర్చుకు సరిపడా మంది ఉండటం వేరు.

పైగా ముగింపు అంటే రెండు గంటల సినిమా తీయడం ఒక్కటే కాదండీ. నటుల కాంట్రాక్టుల గడువు అయిపోతుంది, వాళ్లు వేరే సినిమాలు ఒప్పుకుంటారు. సెట్లు విప్పకుండా గోడౌన్‌లో ఉంచితే అద్దె. మొదలుపెట్టిన ప్రతిదానికీ ముగింపు ఇచ్చి తీరాలని రూలు పెడితే, రేపు ‘1899’ లాంటి రిస్కు ఉన్న కథకి మొదటి సీజన్ కూడా దక్కదు. అందరూ పోలీసు కథలే తీసుకుంటారు. నాకు సగం కథ అయినా కావాలి.

పాతడిస్క్:
లెక్కల సంగతి వచ్చింది కాబట్టి అంతరిక్ష నౌక కథ ‘ఫైర్‌ఫ్లై’ గురించి చెప్పాలి. 2002 సెప్టెంబరులో ఫాక్స్ ఛానెల్ శుక్రవారం రాత్రుల్లో వేసింది. మనుషులను పరిచయం చేసే రెండు గంటల మొదటి భాగాన్ని పక్కన పెట్టి, రైలు దోపిడీ ఎపిసోడ్‌తో మొదలుపెట్టింది. ఆ నౌకలో ఎవరు ఎవరో, ఆ పిల్లని అన్న ఎందుకు దాచుకుని తిరుగుతున్నాడో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? అసలు మొదటి భాగం డిసెంబరు 20న వేశారు, అన్నిటికన్నా ఆఖరున, రద్దు ఖాయమయ్యాక! తీసినవి 14, అప్పట్లో వేసినవి 11.

నేను దీన్ని ఇంజనీరింగ్ హాస్టల్లో, రూమ్మేట్ కంప్యూటర్‌లో, సరైన వరుసలో చూశాను. మొదటి భాగం అయ్యేసరికి గదిలో ఆరుగురం పోగయ్యాం. మెస్ టైమ్ దాటిపోయినా ఎవరూ లేవలేదు. వరుస మార్చి చూపించి, ఆపైన జనం చూడలేదని ఆపేస్తే ఆ లెక్క ఎవరి తప్పు? డీవీడీలు అంత బాగా అమ్ముడుపోబట్టే కదా 2005లో దాని కొనసాగింపుగా ‘సెరెనిటీ’ సినిమా వచ్చింది.

లెక్కలమనిషి:
ఫైర్‌ఫ్లై విషయంలో మీరన్నదే నిజం, తప్పు ఛానెల్‌దే. అయితే ఆ సినిమా థియేటర్లలో పెట్టిన ఖర్చుకి కాస్త అటూ ఇటూగానే వసూలు చేసిందని కూడా గుర్తుంచుకోండి. అభిమానం గొప్పదే, టికెట్లు మాత్రం అంత తెగలేదు.

గోదారిగట్టు:
ప్రేక్షకుల వైపు నుంచి ఒక మాట. మా బావ ఏ సిరీస్ గురించి చెప్పినా ‘అన్ని సీజన్లూ వచ్చాక చూస్తాలే’ అంటాడు. ఇప్పుడు అలా అనేవాళ్లు ఎంతమందో! వచ్చిన మొదటి వారాల్లో చూడకపోతే ఆ సిరీస్ ఎవరికీ అక్కర్లేదని లెక్క కట్టేస్తారు. పూర్తయ్యాక చూద్దామనుకుంటే అది పూర్తే కాదు.

రాసేవాళ్లే ప్రతి సీజన్‌నీ ముగించి పెట్టుకోవచ్చు కదా అంటారు కొందరు. ‘బాబిలాన్ 5’ రాసిన జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీకి ఐదేళ్ల ప్లాన్ ఉండేది. నాలుగో ఏడాదే ఆఖరిది కావచ్చన్న టెన్షన్‌లో పెద్ద యుద్ధాలన్నీ అందులోనే ముగించాడు, చివరి ఎపిసోడ్ కూడా తీసేశాడు. తీరా టీఎన్‌టీ ఛానెల్ ఐదో ఏడాదికి తీసుకుంది. ఆ ఎపిసోడ్ 1998 నవంబరు దాకా పెట్టెలో ఉంది. ఫలితం ఏమిటి? నాలుగో సీజన్ పరుగులు పెడుతుంది, ఐదో సీజన్ మొదటి సగం చప్పగా ఉంటుంది. నాకు ప్రాణమైన సిరీసే అయినా ఈ మాట అనక తప్పదు. భయంతో రాస్తే కథ దెబ్బతింటుంది.

వెన్నెలదారి:
గోదారిగట్టు గారూ, మీ బావగారిని నేను తప్పు పట్టలేను. నాలుగు సార్లు నట్టేట్లో దించేస్తే ఐదోసారి పడవ ఎక్కడానికి ఎవరైనా వెనకాడతారు. ఆ అలవాటు నేర్పింది రద్దులే.

లెక్కలమనిషి గారి మాటల మీద రాత్రంతా ఆలోచించాను. అన్నిటికీ విడిగా ముగింపు సినిమా అడగడం కుదరని పని, సరే. నా కోరిక మార్చుకుంటున్నాను. ఒక సీజన్ షూటింగ్ మొదలవకముందే ‘ఇదే ఆఖరిది’ అని రచయితకు చెప్పమనండి. దీనికి పైసా ఎక్కువ అవదు. ‘ది ఎక్స్‌పాన్స్’ చూడండి. 2018లో సైఫై ఛానెల్ మూడు సీజన్లకే వదిలేస్తే అమెజాన్ తీసుకుంది. దానికి ఆధారమైన నవలలు తొమ్మిది. సిరీస్ ఆరో సీజన్‌తో 2022 జనవరిలో ఆగింది. ఆరో నవలకీ ఏడో నవలకీ మధ్య సుమారు 30 ఏళ్ల ఎడం ఉంది, వాళ్లు సరిగ్గా ఆ గట్టు మీద దించారు. మిగిలిన మూడూ తెర మీద చూడలేదన్న వెలితి నాకూ ఉంది. కానీ ఎవరో గొంతు నొక్కినట్టు మాత్రం లేదు. ఆ తేడా ఒక్కటే నేను అడిగేది.

లెక్కలమనిషి:
ఇది ఒప్పుకుంటాను. కాకపోతే ‘1899’కి ఇది పనికిరాదు. మొదటి సీజన్ తీసేటప్పుడు అదే ఆఖరిదని ఎవరికి తెలుసు?

వెన్నెలదారి:
అవును. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

పాతడిస్క్:
ఎవరైనా ‘స్టార్‌గేట్ యూనివర్స్’ చూశారా? రెండు సీజన్లు, 40 ఎపిసోడ్లు, 2011లో ఆగిపోయింది. ఆఖరి ఎపిసోడ్‌లో నౌకలో వాళ్లంతా మూడేళ్ల నిద్రకి గాజు పెట్టెల్లోకి వెళ్లిపోతారు. ఒక పెట్టె పాడైపోతుంది. దాన్ని బాగుచేస్తానని ఈలై మేలుకుని ఉండిపోతాడు, గాలి రెండు వారాలకే సరిపోతుంది. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతుంటే కిటికీ దగ్గర నిలబడి బయటి వెలుగుని చూస్తూ చిన్నగా నవ్వుతాడు. ఆ పెట్టె బాగైందో లేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.